గృహధర్మము: కంచము ముందటి మాట



పోయిన నెల ఈ శీర్షికయందు ఊరగాయ జాడీలను వానకాలమున కాపాడుకొను విధమును వ్రాసితిమి. ఈ నెల శ్రావణమాసపు పిండివంటలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపవేడెదము. వంట చేయు విధమును చెప్పుట సులభము. వండి వడ్డించినదానిని ఇంటి పిల్ల ముట్టనిచో ఏమి చేయవలెనో చెప్పుట కష్టము. పది మాసములుగా మా యింట నడచుచున్న కథ ఇదియే. దీనిని వ్రాయుటకు మా పెద్దమ్మాయి యనుమతి నడిగితిమి. "నా పేరు వేయకమ్మా. మిగిలినది వ్రాసుకో. ఇంకొకరి ఇంట్లో పనికి రావచ్చు" అనెను. కనుక వ్రాయుచున్నాము.

మా కాపురము పాతనగరమున శాలిబండకు దాపున. మావారు బడిపంతులు. ఇంట మా యత్తగారు, మా దంపతులము, పదునాలుగేండ్ల యమ్మాయి, పదేండ్ల యబ్బాయి. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే అమరమును, కాళిదాసుని కావ్యములను చెప్పిరి. దానిలో కొంచెమైనను మా యమ్మాయికి అందవలెనని సాయంకాలములందు చెప్పుచుంటిమి. ఇది గొప్పకు చెప్పుట కాదు. ముందు దీనితో పని యున్నది.

నిరుడు బతుకమ్మ పండుగకు అమ్మాయికి కొత్త లంగా, ఓణీ కుట్టింపదలచితిమి. పాత కొలతలు చాలలేదని దర్జీ చెప్పెను. అప్పుడు మా యింట నున్న ఆడపడుచు నవ్వుచు, "పిల్ల ఒళ్ళు చేసిందే వదినా, ఇప్పటినుంచే కనిపెట్టుకో" అనెను. మా యత్తగారు, "మా వంశంలో ఆడపిల్లలందరూ తీగలవలె ఉండేవారు" అనిరి. ఇంతవరకు ఇతరుల మాటలు. మూడవ మాట మాది. "రాత్రిపూట ఒక రొట్టె తగ్గించు, అదే సర్దుకుంటుంది" అంటిమి. ఆ సమయమున అమ్మాయి అద్దము ముందర నిలిచియుండెను. మా వైపు తిరుగలేదు. మేమా మాటను మరుక్షణమే మరచితిమి. ఆమె మరువలేదు.

మొదట మిఠాయి మానెను. మెచ్చుకొంటిమి. తరువాత రాత్రి యన్నము మానెను. చదువు మీద ధ్యాస యనుకొంటిమి. నానమ్మతో కూడ ఏకాదశి యుపవాసము పట్టెను. పిదప శనివారము, ఆ పిదప మంగళవారము. "ఈ వయసులో ఎంత నిగ్రహం!" అని వచ్చినవారితో చెప్పి మురిసితిమి. తమ్మునికి తానే దోసెలు పోసి పెట్టెడిది, దగ్గర కూర్చుండి తినిపించెడిది. వంటల పుస్తకములు తిరుగవేసెడిది. తాను మాత్రము కంచములోని యన్నమును ఇటునటు జరిపి, రెండు మెతుకులు నోట వేసికొని, "కడుపు నిండింది" అని లేచెడిది. సంక్రాంతి వెళ్ళిన తరువాతను రెండు స్వెట్టర్లు విప్పలేదు. దువ్వెన నిండ వెండ్రుకలు. నెలసరి రెండు మాసములు తప్పెను. ఈ వయసున అట్లే యుండునని సరిపెట్టుకొంటిమి. ఇన్నియు కన్నులయెదుట జరిగినవే. ఇంటివారము గనుకనే మాకు కానరాలేదు.

కనిపెట్టినది మా గోడ ప్రక్క యింటి ఖాలా. ఆమె మనుమరాలును మా యమ్మాయియు స్నేహితురాండ్రు. రంజాను నెలలో సాయంకాలమున అమ్మాయి వారి యింటికి పోవుచుండెడిది. ఒకనాటి మధ్యాహ్నము ఖాలా మా వంటింటి గడపలో కూర్చుండి మెల్లగా చెప్పెను: "మా పిల్లలు రోజా ఉంటారు. మగ్రిబ్ అజాన్ కాగానే ఖర్జూరం కోసం చెయ్యి చాపుతారు. మీ బిడ్డ రోజా లేదు, కాని చెయ్యి చాపదు. చేతులు పట్టుకుని చూశాను, మంచులా ఉన్నాయి. నువ్వు తల్లివి, చూసుకో అమ్మా." ఆ మాటకు మాకు కోపము వచ్చినమాట నిజము. మా బిడ్డకు మేము తిండి పెట్టుట లేదనుచున్నదా యనుకొంటిమి. రెండు దినములు గడువకముందే అమ్మాయి బడిలో ప్రార్థన వేళ సొమ్మసిల్లి పడెను.

మొదట చూపిన వైద్యుడొకరు బలమునకు మందు వ్రాసి, "ఈ వయసులో ఆడపిల్లలు ఇంతే" అని పంపిరి. దానితో ఒక మాసము వృథా యయ్యెను. తరువాత ఒక పెద్దాసుపత్రిలో వైద్యురాలొకరు నాడి చూచి, పడుకొన్నప్పుడును లేచి నిలిచినప్పుడును రక్తపు పోటు కొలిచి, గుండె పరీక్షయు రక్తపరీక్షయు చేయించి, మనోవైద్యుని కడకు పంపిరి. ఆనాటి రాత్రి మా యింట తుపాను. "పిల్లకు పిచ్చా?" అని మా యత్తగారి యేడ్పు. "మీ మాటలవల్లనే" అని మావారు. "మీరెన్నడైనను పిల్ల పళ్ళెము చూచితిరా?" అని మేము. తప్పెవరిదను విచారణలో అర్ధరాత్రి దాటెను. గదిలో అమ్మాయి అంతయు వినుచునే యుండెను.

సోదరీమణులారా, ఈ వ్యాధి కొత్తది కాదు. పాశ్చాత్యులకు మాత్రమే వచ్చునదియు కాదు. ఇంగ్లండులో రిచర్డు మార్టన్ అను వైద్యుడు 1689లోనే ఇట్టి యొక కన్యను గూర్చి వ్రాసెను. 1873లో లండనునందు విలియం గల్ దీనికి అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టెను. ఆ యేటనే పారిసులో లాసెగ్ అను వైద్యుడు ఇట్టి కన్యల కథలను ప్రకటించెను. ఆయన రోగినే కాక ఇంటివారినిగూడ పరిశీలించెను. తినని బిడ్డయెదుట ఇంటివారికి రెండే యుపాయములు తోచునట: బతిమాలుట, బెదరించుట. రెండును విఫలమగును. మా యింట జరిగినదియు అక్షరాల అదియే. తిన్నదానిని రహస్యముగా వెడలగొట్టుకొను మఱియొక రూపమునకు 1979లో రసెల్ అను వైద్యుడు బులీమియా నెర్వోసా అని పేరిడెను.

మన దేశమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 1995లో ఇట్టి యైదుగురు యువతుల కథను ప్రకటించిరి. 1998లో ప్రకటింపబడిన మద్రాసు పరిశీలనలో 210 మంది వైద్యవిద్యార్థులలో 31 మందికి తిండిని గూర్చిన కలత కనబడెను. మన పిల్లలలో పలువురు "లావగుదునేమో" యని భయము చెప్పుకొనరు. "సయించుట లేదు, కడుపులో బరువు, వికారము" అందురు. తల్లులు జీలకఱ్ఱ కషాయము కాచి యిత్తురు. శోకము, భయము, క్రోధము వలనగూడ అరోచకము కలుగునని చరక సంహితయందే యున్నది. మనస్సునకును నాలుకకును గల సంబంధము మన పెద్దలెరుగనిది కాదు. మనమే మరచితిమి.

దీనికి కారణము కుటుంబమేనా? ఈ ప్రశ్న తల్లి గుండెలో ముల్లువంటిది. ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులలో పెక్కురు అవుననిరి. అమెరికాలో మినూచిన్ అను నాతడు 1978లో, అతిగా కట్టివేయు కుటుంబములు, కలహమును మాటలలో రానీయని కుటుంబములు ఈ వ్యాధిని పెంచునని గ్రంథము వ్రాసెను. తల్లులు తలలు వంచుకొనిరి. ఇప్పుడు ఆ తీర్పు మారినది. ఈ వ్యాధులను చూచు వైద్యుల అంతర్జాతీయ పరిషత్తు 2010లో, కుటుంబమే ప్రధాన కారణమనుట సరికాదని స్పష్టముగా ప్రకటించెను. పుట్టుకతో వచ్చిన శరీరతత్త్వము, ప్రతిదియు లోపము లేకుండ చేయవలెనను స్వభావము, యౌవనారంభమున దేహమునందలి మార్పు, పరీక్షల యొత్తిడి, చేతిలోని ఫోనులో దినమెల్ల కనబడు బొమ్మలు, ఇన్నియు కలసి దీనిని తెచ్చును. ఫిజీ ద్వీపములలో ఒక ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. మూడేండ్లలో అక్కడి బడిపిల్లలలో సన్నబడవలెనను వెఱ్ఱి పెరిగినట్లు పరిశోధకులు కనుగొనిరి. ఆ తల్లులు మూడేండ్లలో చెడ్డవారైరా? కాలేదు.

అయినను కుటుంబమునకు పాలు లేదని చేతులు దులుపుకొనుటయు సత్యము కాదు. విత్తనము మనము చల్లకపోవచ్చును. నేల మనది. ఆ నేలను గూర్చి మేము గ్రహించినవి కొన్ని చెప్పెదము.

మొదటిది, ఒడలిని గూర్చిన మాట. మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిన పరిశీలనలో, తలిదండ్రులు బరువును గూర్చియు లావును గూర్చియు మాటలాడు ఇండ్లలో పిల్లలు హానికరముగా తిండి మానుట యెక్కువగాను, బరువు మాటెత్తక మంచి యాహారమును గూర్చి మాత్రమే మాటలాడు ఇండ్లలో తక్కువగాను కనబడెను. మన యిండ్లలో ఈ మాట కెవరికి కొదువ? పెండ్లిలో కలిసిన పిన్నత్త మొదటి పలుకు "చిక్కావే" లేక "బొద్దయ్యావే" అనియే. పిల్లకు పదునాలుగేండ్లు రాగానే రాబోవు పెండ్లిచూపులను తలచుకొని ఆమె మేనిని అంగడి సరకువలె కొలుతుము. మఱి యా నోటితోనే పండుగనాడు "ఇంకొక బూరె తిను, నా మీద ఒట్టు" అందుము. తిన్నచో ఒక నింద, తినకున్నచో ఒక నింద. ఈ రెండు ఆజ్ఞల నడుమ బిడ్డ యేమి చేయగలదు? తన చేతిలోనున్నది నోరు మూసికొనుట యొక్కటే.

రెండవది, ఉపవాసమును మెచ్చుకొను పద్ధతి. 2016 అక్టోబరులో మన జంటనగరములలోనే పదుమూడేండ్ల బాలిక యొకతె 68 దినముల ఉపవాసదీక్ష ముగించిన వెంటనే మరణించెను. ఆమె యిష్టపడియే చేసినదని ఇంటివారనిరి. తలిదండ్రులపై పోలీసులు కేసు నమోదు చేసిరి. అది వ్యాధి యని మేమనము. ఏ మతమును తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని బిడ్డ తినకుండుటను చుట్టును నిలిచి మెచ్చుకొనునప్పుడు ఎంత జాగ్రత్త వలయునో ఆ వార్త మనకు చెప్పుచున్నది. ఖాలా చెప్పగా తెలిసికొంటిమి, రోగులకు ఉపవాసము విధి కాదని ఖురానులోనే యున్నదట. మన ధర్మశాస్త్రములందును బాలురకు, రోగులకు సడలింపులున్నవి. పెరుగుచున్న పిల్ల ఉపవాసము దైవము కోరినది కాదు. మనకు ముచ్చటగానుండి మనము మెచ్చినది. ఆ మెప్పు చాటున వ్యాధి సుఖముగా దాగియుండును.

ఈ సందర్భమున మా చదువును గూర్చియు చెప్పవలెను. మేము అమ్మాయికి నేర్పిన మాటలలో తన్వి, కృశాంగి, తనుమధ్య యనునవి యెన్ని! సన్నని నడుమే సౌందర్యమని పద్యముల మూలమున నూరిపోసితిమి. కుమారసంభవము చెప్పునప్పుడు పార్వతి తపస్సునందు ఆకులుగూడ విడిచి అపర్ణ యైనదని కన్నీటితో చెప్పితిమి. ఒకనాడు అమ్మాయి పుస్తకము వెనుక అట్టపై "అపర్ణ" యని తన చేతివ్రాతతో వ్రాసికొన్నది చూచి మా గుండె జారెను. ఆ కథలోనే మఱియొక పేరున్నది, దానిని మేము సరిగా చెప్పియుండలేదు. తపస్సు వలదని తల్లి మేన వారించిన పిలుపుచేతనే ఆమెకు ఉమ యని పేరు వచ్చినదని కాళిదాసు చెప్పెను. బిడ్డ పస్తును పొగడిన తల్లి కాదు మేన, అడ్డుపడిన తల్లి. ఆ పేరుతోనే లోకము అమ్మవారిని నేటికిని పిలుచుచున్నది. అపర్ణను మాత్రము పాఠము చెప్పి ఉమను విడిచినది మా లోపము.

మూడవది అన్నిటికంటె పెద్దది. అది మాకు అమ్మాయియే చెప్పినది. వైద్యుడు చెప్పిన ప్రకారము ఒకనాడు పప్పన్నము కలిపి ఆమె ముందర పెట్టితిమి. తినుమని బతిమాలితిమి, కసరితిమి, ఏడ్చితిమి. ఆమె తల యెత్తి, "నువ్వు తినవు కదమ్మా. నన్నెందుకు తినమంటావు?" అనెను. మేము మాటాడలేకపోతిమి. పదునారేండ్ల కాపురమున అందరు లేచిన పిమ్మట, మిగిలినదానిని, వంటింట పీటయైనను వేసికొనక నిలువుకాళ్ళమీద తినుట మా యలవాటు. సోమవారము, శుక్రవారము ఒంటిపూట. కూర చాలనిచో మజ్జిగ. దీనిని మేము ఇల్లాలి ధర్మమనుకొంటిమి, లోలోన గర్వించితిమి. ఆడుదాని యాకలి చిట్టచివరిదని మేము నోటితో ఎన్నడును చెప్పలేదు. దినమునకు రెండుసార్లు చేసి చూపితిమి. బిడ్డ చూచి నేర్చుకొనెను. మన దేశమున 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నదని 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన తెలిపెను. ఆ లెక్కలో పేదరికమెంత, రోగమెంత, ఇట్టి మన ధర్మమెంత యని సోదరీమణులే యోచింపవలెను.

ఇక చికిత్స. నేల మనదైనప్పుడు మందుగూడ మన చేతిలో కొంత యుండును. లండనులోని మాడ్స్లీ ఆసుపత్రివారు 1987లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధి వచ్చి చాలకాలము కాని చిన్నవారికి, ఒంటరిగా కూర్చుండబెట్టి బోధించుటకంటె కుటుంబమును చేర్చుకొని చేసిన చికిత్స మేలైనదని తేలినది. నాటినుండి ఆ మార్గము వృద్ధియైనది. దాని సారము మా వైద్యుడు మాకు తేలికమాటలలో చెప్పెను: "తప్పెవరిదని వెదకుట మానండి. ఇది టైఫాయిడు వంటి రోగమనుకొనండి. రోగము వేరు, బిడ్డ వేరు. కొంతకాలము ఏమి తినవలెనో, ఎంత తినవలెనో పెద్దలే నిర్ణయించి ప్రక్కన కూర్చుండవలెను. ఒడలు కుదిరిన కొలది ఆ యధికారమును తిరిగి బిడ్డ చేతికీయవలెను."

తర్కించి లాభమేల లేదో గూడ ఆయన చెప్పెను. 1944-45లో అమెరికాలో ఏన్సెల్ కీస్ అను పండితుడు ఆరోగ్యవంతులగు 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, ఆరు మాసములు అరకడుపుతో నుంచెను. వారు దినమెల్ల తిండినే తలచుచు, వంటల పుస్తకములు చదువుచు, మెతుకు మెతుకు గంటలకొలది నమలుచు, చలికి వణకుచు, స్నేహితులను విడిచి, చిరచిరలాడుచు గడపిరి. ఆ యువకులలో నుండినది మొండితనమా? కాదు. ఆకలి మనస్సునే మార్చివేయును. కనుక బిడ్డ మొండిదనుకొని శిక్షింపరాదు. ముందు కడుపునకు అన్నము పోవలెను. మనస్సు దాని వెనుక వచ్చును.

మా యింట ఏర్పరచుకొన్న పద్ధతి యిది. దినమునకు మూడు భోజనములు, నడుమ మూడు చిరుతిండ్లు, వేళ తప్పరాదు. ప్రతి వేళకును ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి తాముకూడ తినవలెను. మధ్యాహ్నము మావారు సెలవు దినములందు ఆ పని వహించిరి. కంచము ముందర చదువు, మార్కులు, ఒడలు, తూనిక అను మాటలు రాకూడదు. తినకున్నచో తిట్టు లేదు, తిన్నచో పొగడ్త లేదు. "ఇది నీ మందు, నేనిక్కడనే యున్నాను" అనుటయే. తిన్న పిదప ఒక గంటసేపు ఒంటరిగా విడువక పచ్చీసాడుదుము, లేక పూలు గుచ్చుదుము. తూనిక వైద్యుని యొద్దనే, ఇంటిలోని యంత్రమును తీసివేసితిమి.

అన్నిటికంటె కష్టమైనది మేము ముందు కూర్చుండుట. కోడలు అత్తగారికంటె ముందు కంచము ముందర కూర్చుండుటయా? మొదటి దినమున మాకు ముద్ద దిగలేదు. అత్తగారు గడపలో నిలిచి చూచుచుండిరి. మూడవ దినమున వారు ఏమియు ననక లోపలికి వచ్చి, మా కంచము ప్రక్కన తమ కంచమును పెట్టుకొని, "నాకూ వడ్డించు అమ్మాయీ. ఎనభై యేళ్ళు వచ్చాయి, వేడన్నం ఎన్నడూ తినలేదు" అనిరి. అమ్మాయి వారి వైపు చాలసేపు చూచి, చెంచా తీసికొనెను. ఏకాదశినాడు వారిప్పుడు పాలు, పండ్లు తీసికొనుచున్నారు. అదియు అమ్మాయి ముందరనే.

సోదరీమణులారా, మీ యింట కనిపెట్టవలసిన గుర్తులివి. కలిసి భుజించుట తప్పించుకొనుట, తాను తినక ఇతరులకు వండి పెట్టుట, ఎండలోను చలి, చేతులు చల్లబడుట, జుట్టు రాలుట, మేనిపై సన్నని నూగు, నెలసరి యాగుట, తల తిరుగుట, విశ్రాంతి లేక నడచుటయు వ్యాయామమును, తిన్న వెంటనే ప్రతిదినమును స్నానాల గదికి పోవుట, వదులు బట్టలలో దాగుట. లావుగా కనబడు పిల్లకును ఈ వ్యాధి యుండవచ్చును. మగపిల్లలకును రావచ్చును. సొమ్మసిల్లినను, గుండె దడ యున్నను, నీరుగూడ త్రాగకున్నను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. చాలకాలము పస్తున్న దేహమునకు ఒక్కసారిగా మితిమీరి తినిపించుటయు ప్రాణాపాయమే. రక్తములోని లవణములు తారుమారగును. ఆ పని వైద్యుని కనుసన్నలలోనే జరుగవలెను. మనోవైద్యమనగానే జంకవలదు. మన నగరమున ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యాలయమున్నది. గడప దాటలేనివారికి 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ అను సదుపాయము కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్ళు తెలుగులోనే మాటాడుదురు, రుసుము లేదు.

ఇప్పుడు మా యమ్మాయి యెట్లున్నదని మీరడుగుదురు. కుదిరినదని చెప్పజాలము. ఒక వారము మేలు, ఒక వారము కీడు. ఇది మాసముల పని, కొందరికి సంవత్సరముల పని యని వైద్యుడు చెప్పియే యున్నాడు. నెలసరి ఇంకను రాలేదు. చేతులు మాత్రము వెచ్చబడినవి. ఖాలా వచ్చినప్పుడెల్ల మొదట ఆ చేతులు పట్టి చూచి, మా వైపు తిరిగి తల యూపును. ఆమెపై మేము కోపపడిన సంగతిని ఒకనాడు చెప్పుకొని మన్నింపు కోరితిమి. "పొరుగు ఉన్నది ఎందుకమ్మా!" అని నవ్వెను.

లాల్ దర్వాజా బోనాల ఆదివారమున ఎదురింటివారు అమ్మవారికి నివేదించిన బోనపు అన్నమును దొప్పలో పంపిరి. గుమ్మములో తీసికొన్నది అమ్మాయియే. మాలో ఎవరును ఏమియు ననలేదు. ఆమె అరుగుమీద కూర్చుండి, సగము తిని, సగము తమ్మునికిచ్చెను. ఆడపడుచు ఏదో యనబోయి, మావైపు చూచి, నోరు మూసికొనెను. ఆ మౌనమును నేర్చుకొనుటకు మా యింటివారికి పది మాసములు పట్టినది.

ఈ దినము మీ యింట పిల్లలకు వడ్డించునప్పుడు మీ కంచముగూడ పెట్టుకొనుడు. వారితో కూడ కూర్చుండి, వేడిగా తినుడు. పిండివంటల సంగతి వచ్చు నెలలో తప్పక వ్రాయుదుము.